ప్రభ రెప్ప వేస్తే

గుంటూరు,
నవంబరు 9

అబ్బాకు, అమ్మీకి సలాం.

ఉత్తరం చూసి కంగారుపడకండి. జ్వరం లేదు, గొడవ లేదు. ఇంటర్ రెండో సంవత్సరం వాళ్ల దగ్గర సెల్‌ఫోన్లు తీసేసుకున్నారు. పరీక్షలయ్యేదాకా ఇవ్వరట. ఆదివారం వార్డెన్ మేడం తన బటన్ల ఫోన్ ఇస్తుంది. దాంతో ఇంటికి మాట్లాడుకోవాలి.

“మా అబ్బాకీ అమ్మీకీ వినపడదు మేడం. వీడియో కావాలి” అన్నాను.

“అయితే ఇంట్లో ఇంకెవరితోనైనా మాట్లాడు.”

“చాచా, అదే మా బాబాయి ఉన్నాడు. ఆయనకి కూడా వినపడదు.”

“మరి మీ ఇంట్లో వినపడేది ఎవరికమ్మా?”

“నాకే మేడం. నేను ఇక్కడున్నాను.”

ఆమె ఫోన్ పక్కన పెట్టి, కవర్లూ స్టాంపులూ కొనుక్కోవడానికి ఒప్పుకుంది. అందుకే ఈ ఉత్తరం. పక్క మంచం లిఖిత “ఈ కాలంలో ఉత్తరాలేంటే, ముసలమ్మలాగా” అని నవ్వింది. మర్నాడు తనే నా దగ్గర ఒక కవరు తీసుకుని వాళ్లమ్మకు రాసుకుంది.

లిఖితది శ్రీకాకుళం. ప్రభ అంటే తెలియదు. శివరాత్రికి పల్నాడు ఊళ్లన్నీ కోటప్పకొండకు ప్రభలు కట్టుకుని వెళతాయనీ, వెదుళ్లూ సరుగుడు బొంగులూ కట్టి తాటిచెట్టుకు రెండింతల ఎత్తు నిలబెడతారనీ, బండి మీద అది కదులుతుంటే నాలుగు వైపులా మనుషులు మోకుతాళ్లు పట్టుకుని ఒరగకుండా కాస్తారనీ చెప్పాను. రావిగుంటపాలెం ప్రభకు లైటింగ్ మా దాదా, అంటే తాత, అబ్దుల్ గఫార్ మొదలుపెట్టాడనీ, ఆయనకూ వినపడదనీ, ఇప్పుడు మా అబ్బా చేస్తాడనీ చెప్పాను. “వినపడకుండా అంత పనెలా చేస్తారు?” అంది. “లైట్లకు చెవులెందుకే?” అన్నాను.

కార్తీకం నడుస్తోంది. తాంబూలం వచ్చిందా? ప్రభ కమిటీ ప్రెసిడెంటు వెంకట్రామయ్య గారు తమలపాకులూ వక్కలూ పళ్లెంలో పెట్టి ఇస్తేనే గదా మీరు చెక్క మీద రంపం పెట్టేది! ఆయన వచ్చే రోజు రాయండి. సెలవు అడిగి వస్తాను. నేను లేకుండా ఆయనతో ఎవరు మాట్లాడతారు?

మీ ఫర్హీన్


నరసరావుపేట,
నవంబరు 21

బేటీ ఫర్హీన్‌కు దువా.

ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ గుమ్మం దగ్గర స్విచ్ నొక్కాడు, లోపల బల్బు వెలగలేదు. మాడిపోయిందని మాకు తెలియదు. అంతకుముందు వచ్చినవాళ్లందరూ మేం లేమనుకుని వెళ్లిపోయారు. గ్రేసమ్మక్క పెరటి గోడ మీదుగా చెయ్యి ఊపి చెప్పింది. కొత్త బల్బు పెట్టాను. ఇప్పుడు మామూలే. బయటివాళ్లు ఒకసారి నొక్కుతారు, మనవాళ్లు మూడుసార్లు.

మీ వాజిద్ చాచా కులాసా. ఈ మధ్య ఒక టవర్ కంపెనీ వాళ్లు వచ్చి, అంత ఎత్తు ఎక్కడం ఎక్కడ నేర్చుకున్నావని కాగితం మీద రాసి అడిగారట. వాడు ప్రభ బొమ్మ గీసి ఇచ్చాడు.

ఈసారి నెమలి బల్బుల బోర్డు మార్చాను. నీకు తెలుసు, అందరి బోర్డుల మీదా నెమలి తోక వెలుగుతుంది, ఆరుతుంది, అంతే. మనం సైగలో నెమలి అన్నప్పుడు వేళ్లు ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి గదా. అలా విచ్చుకోవాలని నా కోరిక. మోటారు తిప్పే చెక్క రోలర్ మీద రాగి రేకులు మేకులతో కొడుతున్నాను. రేకు పొడుగు ఉన్నంతసేపు ఆ వరస బల్బులు వెలుగుతాయి. చిటికెన వేలి రేకు పొట్టి, నడిమి వేలిది పొడుగు. మీ అమ్మీ నా ముందు కూర్చుని నెమలి అని చేసి చూపిస్తుంది, నేను కొలుచుకుంటాను. రంగులు ఆమెవే. నీలం పక్కన ఆకుపచ్చ వద్దు, దూరానికి రెండూ ఒకటైపోతాయి అంది. నిజమే.

తాంబూలానికి ఇంకా టైముంది. నువ్వు రావాల్సిన పని లేదు. చదువుకో.

మహమూద్

అమ్మీ రాస్తున్నాను. మీ అబ్బా అన్నం సగం వదిలేస్తున్నాడు. నేను రాశానని అనకు.


గుంటూరు,
డిసెంబరు 2

అబ్బాకు సలాం.

నెమలి గురించి పేజీన్నర రాశారు. తాంబూలం గురించి ఒక్క ముక్క. మీకు మాట ఇష్టం లేకపోతే మొహం గోడ వైపు తిప్పుకుంటారు. ఇక ఎవరేం సైగ చేసినా మీకు చేరదు. ఈ ఉత్తరంలోనూ అదే పని చేశారు. తాంబూలం ఇచ్చాకే చెక్క కోస్తారు మీరు. దాదా పెట్టిన పద్ధతి అది. తాంబూలం రాకుండా రోలర్ ఎందుకు మొదలైంది?

మొన్న సాయంత్రం స్టడీ అవర్లో ఒకటి జరిగింది. హాలులో లైట్లు మూడుసార్లు ఆరి వెలిగాయి. కరెంటువాళ్ల పనే. అమ్మాయిలందరూ ఒక్కసారి అరిచారు. ఒకమ్మాయి కుర్చీ తన్నేసి బయటికి పరుగెత్తింది. నేను మాత్రం నిదానంగా తలెత్తి గుమ్మం వైపు చూశాను, నన్నెవరు పిలిచారా అని. ఎవరూ లేరు. లిఖిత నన్ను చూసి, “నీకు భయం లేదా? అలా నవ్వుతున్నావేంటి?” అంది. నేను నవ్వుతున్నట్టు నాకే తెలియలేదు. లైటు ఆరితే ఎవరో మనవాళ్లు వచ్చినట్టే గదా నాకు!

సంగతి రాయండి. రాయకపోతే ఆదివారం బస్సెక్కుతాను.

ఫర్హీన్


నరసరావుపేట,
డిసెంబరు 13

బేటీకి దువా.

బస్సెక్కొద్దు. రాస్తున్నాను.

తాంబూలం రాలేదు. ఈసారి నా బోర్డుల బదులు విజయవాడ నుంచి ఎల్‌ఈడీ తెర తెప్పిస్తున్నారు. సంగతి తెలిసి గ్రేసమ్మక్కను వెంటబెట్టుకుని రావిగుంటపాలెం వెళ్లాను. పాతికేళ్లుగా పక్కింట్లో ఉండి మన సైగలన్నీ నేర్చింది గదా. కానీ నీలాగా మాట్లాడదు. ఆయన అన్నది అన్నట్టు నా మొహాన పెట్టేస్తుంది. తిట్టుంటే తిట్టు కూడా.

వెంకట్రామయ్య అన్నది ఇది: “పోయినేడు ప్రభ లేపేటప్పుడు ఏం చేశాడో అడుగమ్మా. మోకులు మా చేతుల్లో ఉండగా మెయిన్ స్విచ్ ఆపేశాడు. అదృష్టం బాగుండి గడ్డివాము మీద ఒరిగింది. మనుషుల మీద పడుంటే ఏంది గతి? చెవిటోడికి మెయిన్ ఇచ్చి మేం చావాలా?”

గ్రేసమ్మక్క ‘చావాలా’ దగ్గర నాలుక కూడా బయటపెట్టి చూపించింది. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు ఆయనకు ఇంకా కోపమొచ్చింది.

పోయినేడు ఆయన ఇదే మాట అంతకంటే గట్టిగా అన్నాడు. నువ్వు నాకు చెప్పింది, “వచ్చే ఏడు జాగ్రత్తగా ఉండమంటున్నారు” అని. జాగ్రత్త అనడానికి నోరు అంత తెరవక్కర్లేదు తల్లీ. నాకు కళ్లున్నాయి. ఏడేళ్ల పిల్లప్పటి నుంచీ నువ్వు పెద్దవాళ్ల మాటల్లో రాళ్లు ఏరేసి నాకు పెడుతున్నావని నాకు తెలుసు. నేను తెలియనట్టు తిన్నాను.

ఇప్పుడు నీ ఉత్తరం సంగతి. మీ స్టడీ హాలు గురించి రాసింది నేనూ మీ అమ్మీ చాలాసార్లు చదివాం. పోయినేడు ఉత్తరం వైపు మోకు వదులైంది. డీజే బాక్సులు మోగుతున్నాయి, వాటి దడ నా అరికాళ్లకు తెలుస్తోంది. వెంకట్రామయ్య మైకులో అరుస్తున్నాడు, ఎవరూ తిరగడం లేదు. నా చెయ్యి మెయిన్ మీద ఉంది. ఇంట్లో పిలిచినట్టే పిలిచాను. మూడుసార్లు. అందరూ నా వైపు చూస్తారనుకున్నాను. వాళ్లు మోకులు వదిలి పరుగెత్తారు.

ఎందుకు పరుగెత్తారో నాకు ఇన్నాళ్లూ అర్థం కాలేదు. షార్ట్ సర్క్యూట్ అనుకున్నారట. లైటు ఆరితే వినేవాళ్లకు భయమని నేను ఎప్పుడూ చూడలేదు, మన ఇంట్లో ఎవరూ అలా భయపడరు గదా. నా ఇంటి మాట ఊరికి నేర్పకుండా ఊరి మీద వాడాను. అందుకే ప్రభ ఒరిగింది.

అయితే నేర్పాలి. నువ్వు రాకు. నువ్వొస్తే వాళ్లు నీ నోరు చూస్తారు. నా చేతులు చూడరు.

మహమూద్


గుంటూరు,
డిసెంబరు 23

అబ్బాకు సలాం.

అంటే అన్నీ తెలిసే ఊరుకున్నారన్నమాట. నేను పదేళ్లు పడిన కష్టం వృథా. గ్రేసమ్మత్తకు నా ఉద్యోగం శాశ్వతంగా ఇచ్చేయండి.

రానులెండి. కానీ ఒక మాట. ఎక్కువ నేర్పొద్దు. మోకు పట్టేవాళ్లకు నాలుగు చాలు: ఇటు చూడు, లాగు, వదులు, ఆగు. మీరు మొదలుపెడితే ఆపరు. వాళ్లకు నెమలి కూడా నేర్పుతారు.

వెంకట్రామయ్య గారికి మన ఇంట్లో పెట్టిన పేరు మాత్రం నేర్పొద్దు. నోటి దగ్గర అయిదు వేళ్లూ తెరిచి ‘అరిచేవాడు’ అని చూపిస్తే ఆయన ఇంక తాంబూలం ఇవ్వడు.

ఎల్‌ఈడీ తెర గురించి లిఖితకు చెప్పాను. “అది ఎక్కడైనా దొరుకుతుంది కదే” అంది. ఆ మాట మీకు రాయాలనిపించింది.

ఫర్హీన్


నరసరావుపేట,
జనవరి 30

బేటీకి దువా.

ఆలస్యమైంది. రోజూ సాయంత్రం రావిగుంటపాలెంలోనే గడిచింది. ఇప్పుడు మిరప కోతలు. మోకులు పట్టే మనుషులు కళ్లాల దగ్గర దొరుకుతారు. నేనూ వాజిదూ గ్రేసమ్మక్కా వెళ్లేవాళ్లం. అక్క మాస్కు కట్టుకునేది, అయినా ఆ ఘాటుకు దగ్గు. దగ్గుతూనే మా మాటలు చెప్పేది: లైటు మూడుసార్లు ఆరితే పరుగెత్తకండి, అది పిలుపు, ఇటు చూడండి అని. కొంతమంది ముందు నవ్వారు. వాజిద్ కాయలు ఆరబోసిన టార్పాలిన్ పట్టా ఒక కొస పట్టుకుని, రెండో కొస వాళ్ల చేతికిచ్చి, నోరు మెదపకుండా ‘లాగు’, ‘వదులు’ అని చూపించాడు. ఒక్క కాయ కింద పడకుండా పట్టా జరిగింది. ఆ తర్వాత నవ్వలేదు.

కమిటీవాళ్లు మాత్రం కదల్లేదు. చివరికి నేను ఒక చీటీ రాసి ఇచ్చాను: ‘డీజే పూర్తిగా పెట్టండి. మైకులో మీరు చెప్పండి. తర్వాత నేను చెపుతాను. ఎవరి మాట అందుతుందో చూద్దాం.’

వెంకట్రామయ్యకు పౌరుషమొచ్చింది. బాక్సులు పెట్టించాడు. ఒక పాత స్తంభం నిలబెట్టి నాలుగు మోకులు కట్టారు. ఆయన మైకులో అరిచాడు. మెడ నరాలు నాకు కనపడుతున్నాయి. తూర్పు వాళ్లు లాగారు, దక్షిణం వాళ్లూ లాగారు, పడమటి వాళ్లు టీ తాగుతున్నారు. తర్వాత స్తంభానికి కట్టిన బల్బు నేను మూడుసార్లు ఆర్పి వెలిగించాను. అందరూ తల తిప్పారు. వాజిద్ చెయ్యెత్తాడు. స్తంభం గడియారం ముల్లులాగా ఎటంటే అటు వంగి మళ్లీ నిటారుగా నిలబడింది.

అప్పుడు ఉత్తరం వైపు మోకు పట్టేవాళ్ల పెద్ద త్రికోటేశ్వరరావు అన్న మాట గ్రేసమ్మక్క చెప్పింది: “పెసిడెంటు గారూ, మోకు పట్టేది మేము. ఆ డీజేలో మీరు ఎంత అరిచినా మేమంతా చెవిటోళ్లమే. ఆయన చెయ్యి అయితే కనపడుద్ది. మాకు ఆయనే కావాల.”

వెంకట్రామయ్య మైకు కింద పెట్టాడు. తర్వాత అన్నాడు: “సరే. నీ బోర్డులే కట్టు. తెర వద్దంటాంలే. కానీ తాంబూలం ఇప్పుడివ్వను. ప్రభ కొండకి పోయి, ఒక్కడికి దెబ్బ తగలకుండా తిరిగొస్తే అప్పుడు చూద్దాం.”

తాంబూలం లేకుండా మీ దాదా ఎప్పుడూ చెయ్యలేదు. ఇంటికొచ్చి మీ అమ్మీని అడిగాను. ఆమె ఒక్కటే అంది: “రోలర్ అయిపోయింది. నెమలిని పెట్టెలో పెడతావా?”

నిన్న ప్రభ లేచింది. ఒరగలేదు. ఇక కొండకు పోవాలి. దారిలో సాగర్ కాలువ వంతెన ఉంది. నాకు దాని మీదే దిగులు.

మహమూద్


గుంటూరు,
శివరాత్రి

అబ్బాకు, అమ్మీకి, చాచాకి సలాం.

ఇప్పుడే మెస్ నుంచి వచ్చాను. కూర్చోకుండానే రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

పండగని ఈ సాయంత్రం మెస్‌లో టీవీ పెట్టనిచ్చారు. కోటప్పకొండ లైవ్. నేను అన్నం తినకుండా తెర ముందు నిలబడ్డాను. చాలా ప్రభలు చూపించారు. పొద్దు గూకుతుండగా కాలువ వంతెన చూపించారు. ముందు నెమలి కనపడింది. తోక ఒక్కొక్క వేలే విచ్చుకుంది. “ఏయ్, అది చెయ్యి!” అంది లిఖిత. నేను చెప్పలేదు. తనే చూసింది.

అంతలో ప్రభ కాలువ వైపు వాలింది. బండి చక్రం జారిందో ఏమో కనపడలేదు. మెస్ అంతా “అమ్మో” అంది. ప్రభ లైట్లన్నీ ఆరిపోయాయి. వెలిగాయి. ఆరాయి. వెలిగాయి. మళ్లీ ఒకసారి. టీవీలో అతను, “విద్యుత్ అంతరాయం! ప్రభకు కరెంటు సరఫరాలో లోపం తలెత్తినట్టు కనిపిస్తోంది” అని అరుస్తున్నాడు.

“కరెంటు పోలా” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. “మా అబ్బా పిలుస్తున్నాడు. చూడండి, ఇప్పుడు అందరూ తల తిప్పుతారు.”

తిప్పారు. కెమెరా వాళ్ల మీదే ఉంది. మోకు పట్టిన వందల మంది మొహాలు ఒక్కసారి ఒకే వైపు తిరిగాయి. ఒక్కరు కూడా మోకు వదల్లేదు. బండి మీద చాచా, చేతులకు తెల్ల తువ్వాళ్లు చుట్టుకుని. ఉత్తరం లాగు. దక్షిణం వదులు. ఆగు. నేను తెర ముందు నిలబడి ఆయన చేసింది చేసినట్టు పైకి చెపుతున్నాను. నేను చెప్పడం, వాళ్లు చెయ్యడం. ప్రభ లేచింది. నిటారుగా వంతెన దాటింది.

టీవీ అతను “సరఫరాను పునరుద్ధరించారు” అన్నాడు. మెస్‌లో అమ్మాయిలు అతన్ని తిట్టారు.

మీ తరఫున మాట్లాడటం నాకు అలవాటే గదా. ఈరోజు మాత్రం ఒక్క రాయి కూడా ఏరలేదు. ఏరాల్సింది ఏమీ లేదు.

తర్వాత ఒక సంగతి. వంటమ్మ పళ్లేలు తియ్యమని ఎంత అరిచినా ఎవరూ వినలేదు. లిఖిత వెళ్లి స్విచ్ మూడుసార్లు కొట్టింది. మెస్ మొత్తం తల తిప్పింది. ఎవరూ అరవలేదు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదని రాయండి. వెంటనే రాయండి.

మీ ఫర్హీన్


నరసరావుపేట,
శివరాత్రి అయిన నాలుగో రోజు

బేటీకి దువా.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. త్రికోటేశ్వరరావుకు అరచేతులు మోకు రాసుకుని కమిలాయి. చూపించి నవ్వుతున్నాడు. ప్రభ కొండకు వెళ్లి నిన్న తిరిగొచ్చింది. నెమలి బోర్డులో రెండు వరసలు మాడాయి, మారుస్తాను. వంతెన దగ్గర వెనక చక్రం అంచు దిగింది. అంతకంటే రాయడానికి ఏమీ లేదు. నువ్వు చూశావు.

నీ ఉత్తరం గ్రేసమ్మక్కకు కూడా చూపించాం. టీవీవాడి మాట దగ్గర ఆమె చేసిన సైగ నేను ఇక్కడ రాయను.

ఈ పొద్దున మీ అమ్మీ రొట్టెలకు పిండి కలుపుతోంది. నేను రోలర్ తుడుస్తున్నాను. బల్బు వెలిగింది. మూడుసార్లు. మీ అమ్మీ పిండి చేతులతోనే పరుగెత్తింది, నువ్వు చెప్పకుండా వచ్చావని. నేను వెనకాలే వెళ్లాను.

గుమ్మంలో వెంకట్రామయ్య. చేతిలో పళ్లెం. తమలపాకులు, వక్కలు, అరటిపళ్లు.

గ్రేసమ్మక్క ఇంట్లో లేదు, ఆదివారం గదా, చర్చికి వెళ్లింది. ఆయన ఏదో అన్నాడు. నోరు చిన్నగానే తెరిచాడు. ఏమన్నాడో నాకు తెలియలేదు. ఆయన అది గమనించి, పళ్లెం అరుగు మీద పెట్టి, ‘ఇటు చూడు’ అని చేశాడు. వేలు తప్పు పెట్టాడు, అయినా తెలిసింది. తర్వాత పళ్లెం రెండు చేతులతో ఎత్తి ఇచ్చాడు. వచ్చే ఏటిది. కార్తీకం దాకా ఆగలేదు.

తీసుకున్నాను. మీ అమ్మీ టీ ఇచ్చింది. ఆయన కప్పు కింద పెట్టి తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు, నా చేతుల వైపు చూపించాడు, కనుబొమలు ఎగరేశాడు. మీ చేతుల్లో నా పేరేంటి అని. మీ అమ్మీ నా వైపు చూసింది. నువ్వు వద్దన్నది గుర్తుంది. కానీ అడిగినవాడికి అబద్ధం చెప్పలేం. నోటి దగ్గర అయిదు వేళ్లూ తెరిచాను.

ఆయన తన నోటి మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. తర్వాత కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. వెళ్లేటప్పుడు వీధిలో నిలబడి, తన నోటి దగ్గర తనే అయిదు వేళ్లూ తెరిచి చూపించి, బండెక్కాడు.

రేపు చెక్క కొనడానికి వెళ్తున్నాను. నువ్వు పరీక్షలు బాగా రాయి. అయిపోయి ఇంటికొచ్చినప్పుడు గుమ్మం దగ్గర నాలుగుసార్లు నొక్కు. మూడు ఇప్పుడు ఊరందరిదీ అయిపోయింది.

మహమూద్